రెండు, మూడు తరగతులకు సముద్రాన్వేషణ: ఒక మామ్మగారి జీవితం, ఒక కొబ్బరి తాడు, ఆరు పాఠాలు

మీ ప్రశ్న క్లుప్తంగా: అంతర్వేది దగ్గర పల్లె బడి. 2, 3 తరగతులు కలిపి 22 మంది. సగం మంది వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు, మిగతా సగం కొబ్బరి తోటలు, రొయ్యల చెరువుల మీద బతికే ఇళ్లవాళ్లు. సముద్రాన్ని శోధించిన ఒకరి జీవితం పట్టుకుని ఆ లోకాన్ని పిల్లలకు పరిచయం చెయ్యాలి. ఎవరిని ఎంచుకోవాలి, ఎన్ని రోజులు పడుతుంది, ప్రొజెక్టర్ లేకుండా కుదురుతుందా?

కుదురుతుందండీ. అమెరికా సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్‌ను తీసుకోండి. వారానికి ఒకటి చొప్పున ఆరు తరగతులు, ఒక్కోటి 40 నిమిషాలు. తరగతికి ఆవిడ జీవితంలోంచి ఒకే ఒక్క ఘట్టం, దానికి జోడీగా పిల్లల చేతులు తడిసే పని ఒకటి. కథకు 10 నిమిషాలు చాలు. పనికి 20. మిగతా 10 నోటుబుక్కుకి. కథ పావుగంట దాటిందంటే వెనక వరుస కిటికీలోకి చూడటం మొదలుపెడుతుంది. ప్రొజెక్టర్ లేకపోవడం ఈ పాఠానికి మేలే, ఎందుకో రెండో వారం పాఠం దగ్గర చెబుతాను.

చాలామంది ముందు జాక్ కూస్తో పేరు చెబుతారు. 1943లో ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరుతో కలిసి, వీపున గాలి సిలిండరు కట్టుకుని ఈదే ఆక్వాలంగ్‌ను తయారుచేసిన మనిషి ఆయన. కలిప్సో నౌక, ఎర్ర టోపీ, పిల్లలకు ఇట్టే నచ్చేస్తాడు. నాలుగు, ఐదు చదివే పిల్లలకైతే నేనూ ఆయన్నే చెబుతాను. తొలి రోజుల్లో ఒక పగడపు దిబ్బ దగ్గర ఎన్ని రకాల చేపలున్నాయో తెలుసుకోడానికి డైనమైట్ పేల్చిన మనిషే తర్వాత సముద్రాన్ని పాడుచెయ్యొద్దని పోరాడాడు. మనిషి ఎలా మారాడో పదేళ్ల పిల్లలతో మాట్లాడొచ్చు. ఏడేళ్ల పిల్లలకు ఆ మలుపు అందదు, డైనమైట్ ఒక్కటే గుర్తుంటుంది.

సిల్వియా ఎర్ల్ 1935 ఆగస్టు 30న అమెరికాలో పుట్టారు, కాబట్టి పిల్లల లెక్కలో ఆవిడ మామ్మ. "సిల్వియా మామ్మ" అంటే చాలు, ఆ పేరు పరాయిగా అనిపించదు. ఆవిడ చదువు సొరచేపల గురించి కాదు, సముద్రపు నాచు గురించి. కదలకుండా ఉండే నాచును గంటల తరబడి చూసిన మనిషిని పిల్లలు అనుకరించగలరు. సొరచేపతో ఈదిన మనిషిని చప్పట్లు కొట్టి వదిలేస్తారు. ఈ పాఠం మొత్తంలో పిల్లల చేతికి రావలసిన పనులు మూడే: చూడటం, రాసుకోవడం, మళ్లీ వెళ్లి చూడటం. సాహసాలు ఎక్కువ చెప్పి ఈ మూడూ వదిలేస్తే మిగిలేది ఒక వీరగాథ మాత్రమే.

సంవత్సరాలు చెప్పకండి, వయసులు చెప్పండి. ఏడేళ్ల పిల్లకు 1964, 1979 రెండూ ఒకటే. "మూడేళ్లప్పుడు", "పన్నెండేళ్లప్పుడు", "పదిహేడేళ్లప్పుడు", "ముప్పై నాలుగేళ్లప్పుడు", "నలభై నాలుగేళ్లప్పుడు" అంటే వెంటనే కొలుచుకుంటారు: నాకంటే చిన్నది, మా అక్కంత, మా అమ్మంత. గోడకు ఒక దారం కట్టి, ఏడాదికి రెండు అంగుళాల చొప్పున ముడులు వేయించండి. ప్రతి వారం కథ అయ్యాక ఆ వయసు దగ్గర ఒక బొమ్మ తగిలించాలి. పిల్లలు తమ వయసు ముడి దగ్గర తమ బొమ్మ పెట్టుకుంటారు. మీరు చెప్పక్కర్లేకుండానే తర్వాత బోలెడంత దారం ఖాళీగా ఉందని వాళ్లే గమనిస్తారు.

మొదటి తరగతి: అల, చెరువు, నోటుబుక్కు. మొదటి పావుగంట సిల్వియా పేరు ఎత్తకండి. "సముద్రం గురించి నీకు తెలిసింది ఒకటి చెప్పు" అని అడిగి, వచ్చిందంతా చార్టు మీద రాయండి. ఇక్కడ సాధారణంగా ఒక ఇబ్బంది వస్తుంది. వేట ఇళ్ల పిల్లలకే ఎక్కువ తెలుసు, వాళ్లే నోరు మెదపరు. ఇంట్లో రోజూ వినే సంగతి బడిలో పనికొచ్చే చదువని వాళ్లు అనుకోరు. అందుకని గుండుగుత్తగా అడక్కుండా గురిపెట్టి అడగండి: "మీ ఇంట్లో వేటకు ఎన్నింటికి బయల్దేరతారు? ఆ వేళకే ఎందుకు?" "పాటుకి నీళ్లు తీసినప్పుడు మొగలో ఏం బయటపడుతుంది?" (పాటు అంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గే వేళ, మొగ అంటే నది సముద్రంలో కలిసేచోటు.) "గాలి ఎటు నుంచి కొడితే నావ దించరు?" అప్పుడు మాటలు వస్తాయి. తోటల వైపు పిల్లలు పులస గురించి చెబుతారు: సముద్రంలో ఇలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీదితే పులస. "ఆ చేపకు గోదావరి దారి ఎలా తెలిసింది?" అని ఏ పిల్లాడైనా అడిగితే ఆ ప్రశ్నను పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అతికించండి. వెంటనే జవాబు చెప్పెయ్యకండి.

అప్పుడు కథ. మూడేళ్ల సిల్వియా న్యూజెర్సీ ఒడ్డున నిలబడితే అల వచ్చి పడేసింది. ఏడ్చి ఇంటికి పోలేదు, మళ్లీ నీళ్లలోకే వెళ్లింది. (వెంటనే "వాళ్లమ్మ పక్కనే ఉంది" అని చేర్చండి. కారణం భద్రత గురించి రాసినచోట ఉంది.) తర్వాత వాళ్ల పొలం దగ్గరి చెరువు గట్టున కూర్చుని, సీసాలో తోకకప్పల్ని పెట్టుకుని చూసి, చూసినవి నోటుబుక్కులో రాసుకునేది.

పని: నలుగురికి ఒక తెల్ల ప్లాస్టిక్ బేసిన్. అందులో పంటకాలువ నీళ్లు నాలుగు అంగుళాల లోతు, నీళ్లతోపాటు కాస్త పాచి, ఒక రాయి. పది నిమిషాలు చూడాలి, చెయ్యి పెట్టకూడదు. పేజీ మధ్యలో గీత గీయించి ఒకవైపు చూసింది, రెండోవైపు అనుకున్నది అని రాయించండి. "చేపపిల్ల రాయి వెనక్కి పోయింది" చూసింది. "చేపపిల్లకు భయమేసింది" అనుకున్నది. పెద్దవాళ్లకే తికమకగా ఉండే తేడా ఇది, అయినా రెండోవారానికల్లా పిల్లలు ఒకళ్లనొకళ్లు సరిదిద్దడం మొదలుపెడతారు. రాయడం రాని పిల్లలు బొమ్మ వేస్తారు, మీరు పక్కన మాట రాస్తే సరిపోతుంది. బేసిన్ తెల్లగానే ఉండాలి. నీలం, ఆకుపచ్చ వాటిలో చిన్న పురుగులు కనబడవు. అయిపోయాక నీళ్లూ జీవాలూ తెచ్చినచోటే వదలాలి, చేతులు సబ్బుతో కడగాలి.

రెండో తరగతి: వాళ్ల నీలం సముద్రం, మన గోధుమరంగు సముద్రం. మిగతా అయిదింటికంటే దీనికే ఎక్కువ శ్రద్ధ పెట్టండి, అవసరమైతే రెండు వారాలు ఇవ్వండి. సిల్వియాకు పన్నెండేళ్లప్పుడు వాళ్ల కుటుంబం ఫ్లోరిడాలో డనీడిన్ అనే ఊరికి మారింది. ఇంటి ముందే మెక్సికో సింధుశాఖ, తేటనీళ్లు, అడుగున సముద్రపు గడ్డి. ఆ ఫోటో చూడగానే మన పిల్లలు "మేడం, మన సముద్రం ఇలా లేదే" అంటారు. సముద్రం గురించిన సినిమాలూ పుస్తకాలూ అన్నీ నీలంగానే ఉంటాయి. అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ కలిసేచోట నీళ్లు టీ రంగులో ఉంటాయి, వరద రోజుల్లో చిక్కటి ఎరుపు. దాంతో అసలైన సముద్రం ఇంకెక్కడో ఉందని, మనది మురికి నీళ్లని పిల్లలు లోలోపల తేల్చేసుకుంటారు. ప్రొజెక్టర్ వద్దన్నది ఇందుకే. పగడపు దిబ్బల వీడియో ముందు చూపిస్తే ఈ అభిప్రాయం గట్టిపడిపోతుంది, తర్వాత తియ్యడం కష్టం.

దీనికి విరుగుడు మాటల్లో లేదు, రెండు సీసాల్లో ఉంది. రెండు లీటరు సీసాలు తీసుకోండి. ఒక్కోదానిలో ముప్పావు లీటరు నీళ్లు పోయండి. వరిచేలో నల్ల బంకమన్ను పిడికెడు తెచ్చి, కొద్ది నీళ్లలో జావలా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ఆ జావ సీసాకు రెండు టీస్పూన్లు. ఒక సీసాలో మాత్రం 26 గ్రాముల ఉప్పు వెయ్యండి, తలగొట్టి కొలిస్తే దాదాపు నాలుగున్నర టీస్పూన్లు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, ఆ లెక్కే ఇది. మూతలు బిగించి రెండూ ఒకేసారి ఇరవైసార్లు తిప్పి బల్ల మీద పెట్టండి.

ఉప్పు సీసాలో కాసేపటికే మట్టి తరకల్లా కట్టి దిగడం మొదలవుతుంది. మంచినీళ్ల సీసా మర్నాటికీ మబ్బుగానే ఉంటుంది. కారణం పిల్లలకు ఇలా చెప్పొచ్చు: మంచినీళ్లలో మట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఉప్పు తగిలితే ఆ తోపులాట తగ్గి జట్టుగా అతుక్కుంటాయి, బరువెక్కి కిందికి దిగుతాయి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి దాదాపు 1,465 కిలోమీటర్లు మోసుకొచ్చిన ఒండ్రును ఉప్పునీళ్లు తగిలేచోట దించుకుంటుంది. ప్రవాహం నెమ్మదించడం మొదటి కారణం, ఉప్పు దానికి తోడు. ఆ దించుకున్న మట్టే మన కోనసీమ, లంకలు, మడ అడవులు. ఆ గోధుమరంగు మీదే రొయ్యపిల్ల, పీత బతుకుతున్నాయి. మురికి అన్న మాట ఆ రోజుతో తరగతిలోంచి పోవాలి.

ఇది పాడయ్యేది ఎక్కువగా నీళ్ల వల్ల. తీరం దగ్గరి పల్లెల్లో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో చేస్తే రెండు సీసాలూ ఒకేలా తేరుకుంటాయి, పిల్లలు మిమ్మల్ని చూస్తారు. వాననీళ్లుగానీ ఆర్వో ప్లాంటు టిన్ను నీళ్లుగానీ వాడండి. రెండో తప్పు మట్టిది. ఏటిగట్టు ఇసుకమన్ను తెస్తే రెండింట్లోనూ నిమిషంలో అడుక్కి చేరుతుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలని మన్ను కావాలి. జావ ఎక్కువైనా తేడా తెలియదు. ముందురోజు సాయంత్రం ఒకసారి మీరే చేసి చూసుకోండి.

అదే పూట వీలైతే మడ ఆకు ఒకటి తెప్పించండి. తెల్లమడ ఆకు తాను పీల్చిన ఉప్పును పైకి వదులుతుంది, ఎండపూట ఆకు మీద చిన్న పలుకులు కనిపిస్తాయి. వాన పడిన మర్నాడు తెస్తే ఏమీ ఉండదు. నాలుక చివర అంటించి రుచి చూడొచ్చు, కానీ ఆ చెట్టును గుర్తుపట్టగల పెద్దవాళ్లు కోసి తెచ్చినదైతేనే.

మూడో తరగతి తేలిక, త్వరగా అయిపోతుంది. పదిహేడేళ్లప్పుడు సిల్వియా మొదటిసారి గాలి సిలిండరుతో నీళ్లలోకి దిగింది. తర్వాత డాక్టరేట్ కోసం మెక్సికో సింధుశాఖలోంచి 20 వేలకు పైగా నాచు నమూనాలు సేకరించింది. ఈ సంఖ్యను ఊరికే చెప్పకండి. పాత వార్తాపత్రిక మడతల్లో ఒక్కో పిల్లచేత రెండు ఆకులు పెట్టించి, పైన ఇటుకలు పెట్టి, రోజూ కాగితం మార్పించండి. కాగితం మార్చకపోతే మూడోరోజుకి బూజు పడుతుంది. వారం తర్వాత 44 ఆకులు తయారవుతాయి. "ఇంత పని 454 సార్లు చెయ్యాలి" అంటే 20 వేలంటే ఏమిటో తెలుస్తుంది.

నీళ్లలో లోతుకు వెళ్తే ముందు పోయేది ఎరుపు. పది మీటర్లు దిగేసరికి అది చాలావరకు మాయమవుతుంది, చివరిదాకా మిగిలేది నీలం. ఫ్యాన్సీ షాపులో దొరికే నీలం జిలేటిన్ కాగితం మూడు పొరలుగా కళ్లకు అడ్డం పెట్టి పండుమిరపకాయ చూపించండి. ఒక పొరలో ముదురు, మూడు పొరల్లో దాదాపు నలుపు. మరీ పల్చటి కాగితమైతే ఎరుపును ఆపదు. కొనేముందు దుకాణంలోనే ఏదైనా ఎర్రటి వస్తువు మీద పెట్టి చూసుకోండి.

నాలుగో తరగతి: ఓడ, నీటి కింద ఇల్లు. 1964లో హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రకు ఆంటన్ బ్రూన్ అనే నౌక మీద సిల్వియా వెళ్లారు. నౌకలో 70 మంది మగవాళ్లు, ఆవిడ ఒక్కతే ఆడమనిషి. ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడి విహారనౌక అది. దాన్నే పరిశోధనకు మార్చారు. అంతకు ముందు ఏడాది, 1963లో, అదే నౌక మన బంగాళాఖాతంలోనూ తిరిగింది. మన తూర్పు తీరం అంచున, తీరం పక్క లోతు తక్కువ నేల అయిపోయి సముద్రం బాగా లోతుకు దిగేచోట, నీళ్ల కింద లోయలున్నాయి. వాటిలో మూడింటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు. సముద్రం అడుగున మన పేరుతో ఒక లోయ ఉందంటే పిల్లల కళ్లు పెద్దవవుతాయి, ఆ మాట ఇంటికి తీసుకెళ్లి చెబుతారు.

1970లో వర్జిన్ దీవుల దగ్గర టెక్టైట్ అనే ఇంట్లో, 15 మీటర్ల లోతున, అయిదుగురు ఆడవాళ్లు రెండు వారాలు కాపురమున్నారు. వాళ్లకు నాయకురాలు సిల్వియా. మగవాళ్లతో కలిపి ఆడవాళ్లను ఉంచడానికి ఒప్పుకోకపోవడంతో అందరూ ఆడవాళ్లే ఉన్న జట్టును పంపారు. 15 మీటర్లంటే ఎదిగిన నాటు కొబ్బరిచెట్టు కంటే కాస్త తక్కువే. బడి పక్క చెట్టు చూపించి, "మట్ట దగ్గర అలలు, మొదట్లో ఇల్లు" అనండి.

పిల్లలు తప్పకుండా అడుగుతారు: తలుపు తీస్తే నీళ్లు రావా? ఆ ఇంటి గుమ్మం అడుగున ఉంది, తెరిచే ఉంటుంది, అయినా నీళ్లు రావు. గాజు గ్లాసు అడుగున పొడికాగితం ఉండ గట్టిగా ఇరికించి, బోర్లించి, నిటారుగా బకెట్టు నీళ్లలోకి దించండి. పైకి తీస్తే కాగితం పొడిగానే ఉంటుంది. గ్లాసు కాస్త ఒరిగినా బుడగ పోయి నీళ్లు దూరతాయి. ఒకసారి కావాలనే ఒంచి చూపించండి, అప్పుడు కారణం వాళ్లే చెబుతారు. స్టీలు గ్లాసుతో చేస్తే పని జరుగుతుంది గానీ లోపల ఏమవుతుందో కనబడదు.

అక్కడ ఉన్నవాళ్లు తిన్నగా పైకి రాలేరు, నెమ్మదిగా ఒత్తిడి తగ్గించుకుంటూ రావాలి. దీనికి గోళీసోడాకు మించిన ఉదాహరణ లేదు. గోళీ నొక్కగానే అంతదాకా కనబడని గాలి ఒక్కసారిగా బుడగలై పొంగుతుంది. లోతులో ఉన్నప్పుడు ఒంట్లోకి ఇంకిన గాలి కూడా, గబుక్కున పైకొస్తే, అలాగే బుడగలవుతుంది. మూతసోడా సీసానైతే కొద్దికొద్దిగా తిప్పి తీస్తే పొంగదు. రెండూ పక్కపక్కన చేయండి.

అయిదో తరగతి: తాడు. 1979 సెప్టెంబరులో, హవాయి దీవుల్లో ఓహూ తీరం దగ్గర, 381 మీటర్ల లోతున సిల్వియా సముద్రం నేల మీద రెండున్నర గంటలు నడిచారు. ఒంటి మీద జిమ్ అనే లోహపు కవచం, దాని బరువు దాదాపు 450 కిలోలు. చిన్న జలాంతర్గామి ముందు భాగం మీద నిలబెట్టి దించారు. పైనున్న ఓడకు ఏ తాడూ లేదు, జలాంతర్గామితో మాట్లాడుకోడానికి ఒక తీగ మాత్రమే. వెదురు గణుపుల్లాంటి పగడాన్ని తాకితే నీలం వెలుగు ఉంగరాలు ఉంగరాలుగా పాకింది. తరగతి గది కిటికీలు మూసి ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు 381 అంటే ఎంత? వేటవాళ్లు లోతును బారల్లో చెబుతారు. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బార, పెద్ద మనిషిదైతే సుమారు 1.8 మీటర్లు. అంటే ఆవిడ నడిచింది 200 బారలు దాటిన లోతులో. ముందురోజే పిల్లలకు ఇంటిపని ఇవ్వండి: నాన్నదో తాతదో బార కొలిచి దారం తెండి. 22 దారాలు 22 పొడవులుంటాయి. అందరూ మీటరు వాడాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆ దారాలు చెప్పినంత బాగా పాఠం చెప్పలేదు.

తర్వాత కొబ్బరి తాడు, 10 మీటర్లది. కొలత: తాడు మీద 1 సెంటీమీటరు, సముద్రంలో 1 మీటరు. గుర్తులు:

15 సెం.మీ. దగ్గర టెక్టైట్ ఇల్లు.
40 సెం.మీ. దగ్గర సరదాకి సిలిండరుతో ఈదేవాళ్ల హద్దు.
2 మీటర్ల దగ్గర నాచు పెరగడానికి సరిపడా వెలుతురు ఆగిపోయే చోటు.
3 మీటర్ల 81 సెం.మీ. దగ్గర సిల్వియా మామ్మ నడక.
10 మీటర్ల చివర సూర్యుడి వెలుగు బొత్తిగా చేరని చీకటి.

కొబ్బరి తాడు మీద స్కెచ్ పెన్ను ఎక్కదు, రంగు గుడ్డపీలికలు కట్టించండి. బిగలాగి కొలిస్తే వదిలాక పొట్టిదవుతుంది, నేల మీద వదులుగా పరిచి కొలవాలి. తాడు నీళ్లలో తడపకండి, పొడవు మారుతుంది. తర్వాత కాలువగట్టు మీదికి కాకుండా బడి ఆవరణలోకి తీసుకెళ్లి ఆ తాడును ఆరుసార్లు చివర చివర పరిపించండి: 60 మీటర్లు. అది మన దేశం చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థలో తయారుచేస్తున్న మత్స్య 6000 అనే జలాంతర్గామి చేరాలనుకుంటున్న లోతు, 6,000 మీటర్లు, లోపల ముగ్గురు మనుషులు. ఇంకో అయిదు తాళ్ల దూరం నడిస్తే 1960లో ఇద్దరు మనుషులు ట్రియెస్ట్ అనే వాహనంలో దిగిన అత్యంత లోతైన అగాధం. ఆ చివర నిలబడిన పిల్లలకు సిల్వియా పీలిక ఎంత దగ్గర్లో ఉందో కనిపిస్తుంది.

ఒత్తిడిని బియ్యం బస్తాలతో చెప్పండి. ప్రతి 10 మీటర్ల లోతుకూ బొటనవేలి గోరంత చోటు మీద, అంటే చదరపు సెంటీమీటరు మీద, ఒక కిలో బరువు పెరుగుతుంది. 381 మీటర్ల దగ్గర 38 కిలోలు, పాతిక కిలోల బస్తాలు ఒకటిన్నర. 6,000 మీటర్ల దగ్గర 24 బస్తాలు, అదీ గోరు మీద.

సీసాకు పక్కన మూడు బెజ్జాలు పెట్టి నీళ్లు చిమ్మించే ప్రయోగం అందరికీ తెలుసు, అడుగు బెజ్జం ఎక్కువ దూరం చిమ్ముతుందని పుస్తకాల్లో బొమ్మ ఉంటుంది. సీసాను నేల మీద పెడితే అలా జరగదు, మధ్య బెజ్జమే దూరం చిమ్ముతుంది. అడుగు ధార వేగంగానే వస్తుంది, కానీ దూరం పోయేలోపే నేల తగిలేస్తుంది. సీసాను స్టూలు అంచున, నేలకు అడుగున్నర పైన పెట్టండి. అప్పుడు అడుగుదే గెలుస్తుంది. బెజ్జాలు కాల్చిన మేకుతో మీరే పెట్టండి, మూడూ ఒకే సైజు, ఒకదాని కింద ఒకటి కాకుండా కాస్త పక్కపక్కకు, లేకపోతే ధారలు కలిసిపోతాయి. మూడింటికీ కలిపి ఒకే టేపు పట్టీ వేసి ఒక్కసారి లాగాలి. సీసాలో పెన్నుమూత మునిగి తేలే ఆట కూడా కొందరు ఇక్కడ కలుపుతారు. అది తేలడం గురించిన పాఠం, ఈ రోజు కలిపితే రెండూ గజిబిజి అవుతాయి.

భద్రత గురించి గట్టిగా చెబుతున్నాను. నీళ్ల కింద బతికిన మనిషి కథ విన్న పిల్లలు ఆ సాయంత్రమే చెరువులోనో కాలువలోనో ఊపిరి బిగపట్టే పందెం వేస్తారు. గబగబా ఊపిరి పీల్చి వదిలి, తర్వాత బిగపడితే, ఊపిరి ఆడాలన్న తపన పుట్టేలోపే స్పృహ పోవచ్చు. అరుపు వినబడదు, చెయ్యి ఊపడం ఉండదు. బాగా ఈత వచ్చిన పిల్లలకే ఈ ముప్పు ఎక్కువ. కాబట్టి తరగతిలో ఆటగానైనా ఊపిరి పందెం పెట్టకండి, ప్రతి కథలోనూ "పక్కన ఎవరున్నారు?" అని అడిగి జవాబు చెప్పించండి. అల పడేసినప్పుడు అమ్మ, టెక్టైట్‌లో మిగతా నలుగురు, జిమ్ కవచం దగ్గర జలాంతర్గామి మనుషులు. సిల్వియా మామ్మ ఒంటరిగా దిగలేదన్నది ఆరు వారాల్లో ఆరుసార్లు వినబడాలి. నాటకం వేయిస్తే శిరస్త్రాణానికి ప్లాస్టిక్ కవర్లు వద్దు, ముందు వైపు తెరిచిన అట్టపెట్టె చాలు. లోతు కొలిచే ఆటకు వలకు కట్టే సీసపు గుళ్లు కూడా పిల్లల చేతికి ఇవ్వకండి. సీసం విషం, నోట్లో వేళ్లు పెట్టుకునే వయసు. ఇనుప నట్టు కట్టండి.

ఇంకొకటి, మెత్తగా చెయ్యాల్సిన పని. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమలో ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు తెలుసు. ఆ తర్వాత కూడా వేటకు వెళ్లి రానివాళ్లు ఉన్నారు. మొదలుపెట్టే ముందు ఏ పిల్ల ఇంట్లో అలాంటి సంగతి ఉందో అంగన్‌వాడీ టీచర్‌నో ఊరి పెద్దలనో అడిగి తెలుసుకోండి. ఆ పిల్ల సముద్రాన్ని నల్లగా గీస్తే దిద్దకండి, "సముద్రం మంచిది" అని ఒప్పించబోకండి. బొమ్మ కింద తేదీ వేసి మిగతా వాటితోపాటే గోడకు పెట్టండి.

ఆరో తరగతి: వేటకు వెళ్లే ఒక నాన్న. సిల్వియా మామ్మను కూర్చోబెట్టిన వరుసలోనే ఆయన్నీ కూర్చోబెట్టాలి, ప్రధానోపాధ్యాయుల కుర్చీ వెయ్యండి. ఉపన్యాసం అడక్కండి, బిగుసుకుపోతారు. పిల్లలే అయిదు ప్రశ్నలు అడగాలి: అడుగు ఇసుకో బురదో పైనుంచి ఎలా తెలుస్తుంది? ఎన్ని బారల లోతులో ఏ చేప? చీకట్లో ఒడ్డు ఎటుందో ఎలా పోలుస్తారు? మీ చిన్నప్పుడు పడి, ఇప్పుడు పడని చేప ఏది? ఇంతవరకు మీకు అంతుపట్టనిది ఏమిటి? జవాబులు నోటుబుక్కులో చూసింది, అనుకున్నది గీతకు అటూ ఇటూ రాయాలి. ఆయన ఫోనుకు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి చేపలు దొరికే చోట్ల సమాచారం వస్తుంటే చూపించమనండి. ఉపగ్రహం సముద్రం పైపొర వేడినీ, నీటి రంగునూ కొలిస్తే, వాటిని బట్టి ఆ చోట్లు గుర్తిస్తారు. సముద్రాన్ని వెతికే పని ఇప్పటికీ సాగుతోందని, అది వాళ్ల ఇంట్లోని ఫోన్లోనే ఉందని పిల్లలకు కనబడుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, వెనక నుంచి లెక్కేసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, అప్పుడే నాన్నలు ఊళ్లో ఉంటారు. వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో వచ్చేస్తాయి. అంటే ఆరో తరగతికి మీకు దొరికేది ఏప్రిల్ 15 తర్వాతి వారం ఒక్కటే. మొదటిది మార్చి రెండో వారంలో పడాలి, మట్టి సీసాలకు రెండు వారాలు ఇస్తే మొదటి వారంలో. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి కాబట్టి నీళ్ల పనులు తొమ్మిదిలోపు ముగించండి. పిలవబోయే నాన్నకు మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచండి. నిషేధం మొదలైన వారమంతా నావ ఒడ్డుకు లాగడం, వలలు బాగుచేసుకోవడం ఉంటుంది, ముందురోజు పిలిస్తే రాలేరు.